ప్రొస్టేట్ క్యాన్సర్ మాత్రలు జిల్లా ఆస్పత్రిలోనే ఇప్పించండి: ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా నాన్నగారికి 71 ఏళ్లు. ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందని తెలిశాక, మూడు నెలలకొకసారి హార్మోన్ ఇంజెక్షన్ వేయించుకుంటూ రెండేళ్లపాటు పొలం పనులు కూడా చూసుకున్నారు. నిరుడు దసరా తర్వాత పీఎస్ఏ (ఈ క్యాన్సర్ పరిస్థితిని తెలిపే రక్తపరీక్ష అంకె) మళ్లీ పెరిగింది. ఇంజెక్షన్ అణిచిపెట్టే పురుష హార్మోన్ టెస్టోస్టిరాన్ డెసిలీటరుకు 50 నానోగ్రాముల లోపే ఉన్నా వ్యాధి ముదురుతోందంటే అది హార్మోన్ చికిత్సకు లొంగని దశకు చేరినట్టేనని డాక్టరు గారు చెప్పారు. ఆ రాత్రి మా అమ్మ అన్నం ముట్టలేదు.

నిజానికి ఈ దశకూ మందులున్నాయి. అబిరాటెరోన్, ఎంజాలుటమైడ్ మాత్రలు, ఆయుష్షు పెంచుతుందని 2004లోనే రుజువైన డోసెటాక్సెల్ కీమో, బీఆర్‌సీఏ అనే జన్యువులో లోపం ఉన్నవారికి ఒలాపరిబ్ వాడుతున్నారు. పాత ఇంజెక్షన్‌నూ సాధారణంగా ఆపకూడదు. పని చేయని సూదికి డబ్బెందుకని మానేసేవాళ్లకు ఈ మాట చెప్పేవారు ఊళ్లలో ఉండాలి.

మేం వెళ్లిన ఆస్పత్రిలో, చేరి చేయించుకునే కీమోకే ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తిస్తుందని, ఇంట్లో వేసుకునే మాత్రలు బయట కొనుక్కోవాలని అన్నారు. నాన్నగారు తెల్లవారుజామున లేచి పరగడుపున నాలుగు అబిరాటెరోన్ మాత్రలు వేసుకుని, గంట గడిచేదాకా టీ అడగకుండా గోడ గడియారం చూస్తూ కూర్చుంటారు. 120 మాత్రల సీసా నెలకే సరిపోతుంది. మంచాన పడకుండా తిరుగుతున్నందుకే సాయం అందకపోవడం నాకు అన్యాయంగా తోస్తోంది.

అందుకే ఈ మాత్రలను, తోడుగా వేసుకునే స్టెరాయిడ్ మందు ప్రెడ్నిసోలోన్‌ను జిల్లా ఆస్పత్రి ఫార్మసీ నుంచి నెలనెలా ఉచితంగా ఇప్పించాలని, పీఎస్ఏ, పొటాషియం, లివర్ పరీక్షలు, బీపీ అక్కడే చూసేలా స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలని ప్రార్థిస్తున్నాను. తేలికపాటి అల్పాహారంతో రోజుకు 250 మిల్లీగ్రాముల అబిరాటెరోన్ ఇచ్చినా, పరగడుపున ఇచ్చే 1000 మిల్లీగ్రాములతో సమానంగా పీఎస్ఏ తగ్గిందని 72 మంది రోగులపై జరిగి 2018లో వెలువడిన అధ్యయనం చూపింది. అది చిన్న అధ్యయనమే అయినా, ఒక్క సీసా నాలుగు నెలలు వచ్చే అవకాశం ఉన్నప్పుడు క్యాన్సర్ నిపుణుల కమిటీతో దానిని పరిశీలింపజేయడం ఖజానాకూ మేలే. ఎముకల నొప్పికి చాలామందికి ఒకే రోజు ఇచ్చే 8 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్ సరిపోతుంది కనుక, దూరం నుంచి వచ్చేవారిని పదేపదే తిప్పకుండా చూడాలని కూడా కోరుతున్నాను.

నాన్నగారి సీసాలో ఇంకా తొమ్మిది రోజుల మాత్రలున్నాయి.

భవదీయుడు,
ఒక రోగి కుమారుడు