సొరోకా ఆసుపత్రిలోని నర్సు గారికి కృతజ్ఞతలు

గాజా దక్షిణాన ఒక సొరంగంలో 326 రోజుల హమాస్ చెర తరువాత ఇజ్రాయెల్ సైనికులు విడిపించిన 52 ఏళ్ల బెడూయిన్ (ఎడారి అరబ్ తెగ) కాపలాదారుణ్ణి, 2024 ఆగస్టు 27న ఆ దేశంలోని బీర్‌షెబా నగరంలో ఉన్న ఈ ఆసుపత్రికి తెచ్చిన వేళ, నేను సంరక్షించే వృద్ధురాలు ఆయాసంతో ఇక్కడే ఉన్నారు. ఆయన మీ బెడూయిన్ సమాజం వారే. బంధువులు ఆనందంతో ఏడుస్తుంటే మీ కళ్లూ చెమర్చాయి. అయినా మీరు అటు వెళ్లకుండా, మా పెద్దావిడ పక్కన మోకాళ్లపై కూర్చుని, వణుకుతున్న ఆమె చేతిని మీ రెండు అరచేతుల మధ్య ఉంచుకుని, ఊపిరి కుదుటపడేదాకా కదలలేదు. తరువాత, నిజామాబాదులోని మా అమ్మ రోజూ ఫోనులో అడిగినట్లే, తిన్నావా అని నన్ను అడిగి, మీ రొట్టెలో సగం తుంచి పెట్టారు. ఆ రొట్టెకూ, ఆ ప్రశ్నకూ మీకు నా నమస్కారాలు.