‘తర్వాత అడగండి’ అంటే ఎప్పుడు అడగాలి?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ సంపాదకీయ పేజీలో వచ్చిన వ్యాసం చదివిన రోజే ఈ ఉత్తరం రాయాల్సింది. దాళ్వా మాసూళ్ల హడావుడిలో పడి ఆలస్యమైంది గాని కోపం మాత్రం చల్లారలేదు. దేశానికి గండం వచ్చినప్పుడు నాయకుణ్ణి ప్రశ్నలతో విసిగించకూడదట, ముందు పని చేసుకోనివ్వాలట, లెక్కలేవైనా ఉంటే తర్వాత అడగాలట. రాష్ట్రపతి అయితే ఉత్త రబ్బరు స్టాంపు కాబట్టి ఆయన్ని అడిగేదే లేదట. పెద్ద ఫొటోతో సహా అర పేజీ ఇచ్చారు ఈ ఉపదేశానికి.

తర్వాత అంటే ఎప్పుడండీ? 1962లో చైనా చేతిలో మనం తిన్న దెబ్బ మీద హెండర్సన్ బ్రూక్స్, భగత్ అనే ఇద్దరు సైనికాధికారులు 1963లోనే నివేదిక ఇచ్చారు. అది ఇప్పటికీ రహస్యమే. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు బయటపెట్టమని గొంతు చించుకున్నవాళ్లే కుర్చీ ఎక్కాక దేశ భద్రత అంటూ బీరువాకు తాళం వేశారు. విడ్డూరం ఏమిటంటే 2014లో ఒక విదేశీ పాత్రికేయుడు అందులో చాలా భాగం ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. ఇష్టమున్నవాళ్లంతా చదివేశారు, మన పార్లమెంటుకు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఇంతకీ ఈ రహస్యం ఎవరి నుంచి దాస్తున్నట్టు? చైనా వాళ్లకు తెలియనిది అందులో ఏముంటుంది, కొట్టింది వాళ్లేగా!

చేయాలనుకుంటే చేయలేరా అంటే, చేశారు కూడా. కార్గిల్ యుద్ధం 1999 జూలై 26న ముగిస్తే ఎక్కడ లోపం జరిగిందో చూడమని 29న సుబ్రహ్మణ్యం కమిటీ వేశారు. 2000 ఫిబ్రవరికల్లా నివేదిక పార్లమెంటు ముందుకొచ్చింది. కొన్ని భాగాలు తీసేసి ఇచ్చారన్న మాట నిజమే, అయినా ఇచ్చారు. నిఘాలో ఎక్కడ తప్పు జరిగిందో అందులో రాశారు. దానివల్ల దేశం ఏమీ మునిగిపోలేదు.

ఇక రబ్బరు స్టాంపు సంగతి. నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి. 1975 జూన్ 25 రాత్రి ఏం జరిగిందో వ్యాసకర్తకు ఎవరూ చెప్పినట్టు లేదు. ప్రధాని ఇందిరా గాంధీ పంపిన ఎమర్జెన్సీ కాగితం మీద రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గారు సంతకం పెట్టేటప్పటికి కేంద్ర మంత్రివర్గానికి ఆ సంగతే తెలియదు. మర్నాడు పొద్దున్నే ఇందిర గారు మంత్రుల్ని పిలిచి చెప్పారు, వాళ్లు తలూపారు. అంతే, ఇరవై ఒక్క నెలలు. ఆ రాత్రి ఆ ఒక్క మనిషి ‘మంత్రివర్గ తీర్మానం ఏదండీ’ అని అడిగి ఉంటే కథ మారిపోయేదని నేను అనను. కానీ తెల్లారేదాకా ఆగేది కదా! ఆ తెల్లారేలోపే కదా జయప్రకాశ్ నారాయణ్ గారి లాంటి వాళ్లను పట్టుకుపోయింది, ఢిల్లీలో పత్రికలకు కరెంటు తీసేసింది.

అందుకే జనతా హయాంలో 44వ సవరణ చేసినప్పుడు, మంత్రివర్గ నిర్ణయం రాతపూర్వకంగా అందితే తప్ప రాష్ట్రపతి ఎమర్జెన్సీ ప్రకటించకూడదని పెట్టారు. ‘అంతర్గత కల్లోలం’ అన్న సాకు తీసేసి ‘సాయుధ తిరుగుబాటు’ అని మార్చారు. నెలలోపు పార్లమెంటు ఒప్పుకోవాలన్నారు. మంత్రివర్గం ఇచ్చిన సలహాను ఒకసారి వెనక్కి పంపే హక్కు కూడా రాష్ట్రపతికి అప్పుడే రాసిచ్చారు. పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు ‘రాతపూర్వకంగా’ అన్న మాట బోర్డు మీద రాసి ఎర్ర సుద్దతో రెండు గీతలు గీసేవాణ్ణి. ఒక పిల్లవాడు లేచి ‘నోటితో చెప్తే చాలదా మాస్టారూ’ అన్నాడు. అడగాలన్న ఆలోచన వాడికి వచ్చింది, ఆ రాత్రి పెద్దవాళ్లకు రాలేదు.

ఆ హక్కు వాడినవాళ్లూ ఉన్నారు. 1997లో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టమని గుజ్రాల్ మంత్రివర్గం పంపితే కె.ఆర్. నారాయణన్ గారు తిప్పి పంపారు. వాళ్లు నోరు మూసుకుని మానుకున్నారు. 2005లో బీహార్ అసెంబ్లీ రద్దు కాగితం మాస్కోలో ఉన్న కలాం గారికి అర్ధరాత్రి పోతే సంతకమైపోయింది, తర్వాత సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమంది. ఇద్దరూ పెద్దమనుషులే, అధికారమూ ఒకటే. అడగడం, అడగకపోవడం దగ్గరే తేడా. మన తెలుగువాడని సంజీవరెడ్డి గారినీ వదలక్కర్లేదు. 1979లో రాష్ట్రపతిగా ఉండి, జగ్జీవన్ రామ్‌కు ప్రభుత్వం ఏర్పాటు చేసే ఒక్క అవకాశం ఇవ్వకుండా, లోక్‌సభను ఒక్కసారి కూడా ఎదుర్కోని ప్రధాని చరణ్ సింగ్ మాట మీద దాన్ని రద్దు చేసిన ఆయన్ని ఇప్పటికీ అడగొచ్చు.

మన 1984 ఆగస్టు ఎవరు మర్చిపోతారు? గుండె ఆపరేషన్ చేయించుకొచ్చిన రామారావు గారిని గవర్నర్ రాంలాల్ దింపేస్తే, ఆయన ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి జైల్ సింగ్ గారి ముందు నిలబెట్టారు. నెల తిరిగేసరికి మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. గవర్నర్ మారాడు, సరే. ఎవరు చెప్తే చేశాడు? ఆ ప్రశ్నకు నిఖార్సైన జవాబు నేనైతే ఎక్కడా చదవలేదు. అదీ ‘తర్వాత’ పద్దులోనే ఉండిపోయింది.

మా వీధిలో సగం ఇళ్ల పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నారు కాబట్టి అక్కడి అధ్యక్షుడి గోల మాకు ఇక్కడి కరెంటు కోత కబురు కన్నా ముందే తెలుస్తుంది. అమెరికా వాళ్లు సత్యహరిశ్చంద్రులని కాదు. లేని మారణాయుధాలు చూపించి 2003లో ఇరాక్ మీద పడినవాళ్లు. కానీ 1961లో క్యూబా మీద చేయించిన దాడి బెడిసికొడితే కెనెడీ అందరి ముందూ బాధ్యత నాదే అన్నాడు. వాటర్‌గేట్ కుంభకోణంలో తన ఆఫీసు మాటల టేపులు ఇవ్వనని మొండికేసిన అధ్యక్షుడు నిక్సన్‌కు 1974 జూలైలో వాళ్ల సుప్రీంకోర్టు ఒక్క గొంతుతో ఇవ్వాల్సిందే అంది, పదహారు రోజుల్లో ఆయన దిగిపోయాడు. రాజీనామాలు మనకూ తెలుసు లెండి. 1956లో మహబూబ్‌నగర్ రైలు ప్రమాదానికే రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి గారు రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు, అరియలూరు ప్రమాదం తర్వాత పట్టుబట్టి మరీ దిగారు. ఇప్పుడు రాజీనామా మాటెత్తితే మైకులోంచే తిడతారు.

ఢిల్లీ సంగతి మనకెందుకు అనేవాళ్లకు ఒక మాట. 2022 మేలో అమలాపురం అల్లర్లయ్యాక కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. అల్లరి అదుపు చేయాలి, ఎవరు కాదన్నారు? ఇంట్లోంచి పనిచేసుకునే కుర్రాళ్లు ల్యాప్‌టాప్ సంచి భుజాన తగిలించుకుని సిగ్నల్ కోసం గోదావరి దాటి పొరుగు జిల్లాకు పోయారు. మందుల షాపులో ఫోన్‌పే పనిచేయక ముసలివాళ్లు బీపీ బిళ్లలు అప్పు పెట్టారు. ఇలాంటి ఉత్తర్వులు జనానికి తెలిసేలా ప్రచురించాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలోనే చెప్పింది. మా సెంటర్లో ఆ కాగితం ఏ గోడకూ నాకు కనపడలేదు. అడిగితే ‘పైనుంచి వచ్చింది మాస్టారూ’ అన్నారు. ఆ పైన ఎవరో పేరుండాలి కదా!

పెద్ద విషయాల్లో అడగడం మానేస్తే కింది ఆఫీసులకూ ఆ రోగమే అంటుకుంటుంది. మా చేల పక్క మురుగు డ్రెయిన్‌లో గుర్రపు డెక్క తీయించమని అర్జీ పెట్టాను. ముందు ఎన్నికల కోడ్ తర్వాత అన్నారు, ఆపైన కాలువలు కట్టేశాక అన్నారు. ఆఖరికి ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని సెల్‌కు మెసేజ్ వచ్చింది. ఆ మెసేజ్ చదువుకుంటూ గట్టు మీద నిలబడి చూస్తే డెక్క ఊదారంగు పూలు పూసి నిండుగా ఉంది. సంతకం లేదు, పేరు లేదు, ఎవరు పరిష్కరించారో వాళ్లకే ఎరుక.

వ్యాసకర్త గారు గండం గడిచాక అడగమంటున్నారు గనుక, 1962 గండం గడిచిందో లేదో ముందు ఆయన్నే తేల్చమనండి. గడిచిందంటే ఆ నివేదిక కోసం వచ్చే ఆదివారం అదే అర పేజీలో అడగమనండి.

పోయినసారి నేను రాసిన ఉత్తరంలో సగం కోసేసి వేశారు. ఈసారి కోయక తప్పదంటే డ్రెయిన్ గురించి రాసింది తీసేయండి, ఎలాగూ దాన్ని ఎవరూ బాగు చేయరు. హెండర్సన్ బ్రూక్స్ పేరా మాత్రం ముట్టుకోవద్దు.

– ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు, అంబాజీపేట మండలం