గోస్తని నదికి ఒకే ఒక్క వాక్యమా?

సంపాదకుడు గారికి,

రెండు ఆదివారాల కిందట మీ అనుబంధంలో బొర్రా గుహల మీద పెద్ద వ్యాసం వేశారు. సవరణ వస్తుందేమోనని ఇన్నాళ్లూ చూశాను. రాలేదు కాబట్టి రాస్తున్నాను.

భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ 1807లో ఈ గుహలను కనుగొన్నారన్నారు. ఆ సంస్థ పుట్టిందే 1851లో. కింగ్ దానికి డైరెక్టర్ అయింది 1887లో. 1807లో గుహలోకి దిగిన మనిషి ఎనభై ఏళ్ల తర్వాత కుర్చీ ఎక్కాడంటే ఆయన ఆయుష్షు ముందు ఆ రాళ్లెంత! ఈ తప్పు మీదొక్కరిదే కాదు లెండి. పోటీ పరీక్షల గైడ్ల నుంచి సభల్లో ఉపన్యాసాల దాకా ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకుంటున్నదే. అయినా తప్పిపోయిన ఆవును వెతుక్కుంటూ లోపలికి దిగిన కాపరి కథ ఆ పక్క పేరాలో మీరే వేశారు. మరి కనుగొన్నది ఎవరండీ?

ఇక 'లావా పారి ఏర్పడిన గుహలు' అన్న మాట. అక్కడ అగ్నిపర్వతం ఊసే లేదు. తూర్పు కనుమల్లోని ఖొండలైట్లు అనే ఆ రాళ్లు, సున్నపురాళ్లు సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ రూపం మారినవి. హిమాలయాలు వాటి ముందు నిన్నగాక మొన్న లేచిన పిల్లలు. వాన నీరు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్ పట్టుకుని కాస్త పులుపెక్కి, పగుళ్లలోకి దిగి సున్నపురాయిని కరిగించుకుంటూ పోయింది. లోపల ఒక్క నిమిషం కదలకుండా నిలబడితే ఆ పని ఇప్పటికీ కనిపిస్తుంది. పైనుంచి వేలాడే రాతి ఊడ కొసన బొట్టు ఊరి, వణికి, కింద మొలిచిన రాతి మొన మీద టప్పున పడుతుంది. పడ్డ ప్రతిసారీ ఇంత సున్నం వదిలిపోతుంది. రంగుల లైట్లలో సెల్ఫీ తీసుకునేవాళ్లకు ఆ బొట్టు కనబడదు. మీ ఫొటోగ్రాఫర్‌కూ కనబడలేదు.

అన్నిటికన్నా ఒళ్లు మండింది నది విషయంలో. పేజీ నిండా ఫొటోలు వేసి గోస్తనికి మాత్రం 'గుహ కింద ఒక సెలయేరు పారుతుంది' అని ఒకే ఒక్క వాక్యం! ఆ గుహను తొలిచిన నీళ్లు ఆ నదివేనండీ. అనంతగిరి కొండల్లో పుట్టి, సుమారు 120 కిలోమీటర్లు నడిచి భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. మంచు కరిగి వచ్చే నది కాదు, వానే దాని ఆస్తి.

బడుల్లో భూగోళం చెప్పడం ఎప్పుడో మూలపడింది. నది అంటే పిల్లలు మ్యాపులో నీలి గీత గీసి ఊరుకుంటున్నారు. పెద్దలు మైకు పట్టుకుంటే ఎంతమంది టూరిస్టులు వచ్చారన్న లెక్కే తప్ప కొండ సంగతి, నీటి సంగతి ఎత్తరు. పత్రికలైనా చెబుతాయనుకుంటే ఇదీ వరస. విశాఖ పాఠకులు తాగే నీటిలో తాటిపూడి జలాశయానిదీ వాటా ఉంది. ఆ తాటిపూడి కట్టింది ఈ 'సెలయేరు' మీదే.

సవరణ వేస్తే అదే ఆదివారం పేజీలో, అంత అక్షరాల్లోనే వేయండి. పోయిన సర్టిఫికెట్ల ప్రకటనల పక్కన మూలన మాత్రం వద్దు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్, విశాఖపట్నం