డొక్కలో పోటు, మైపాడు రోడ్డు

నెల్లూరు,
ఆదివారం రాత్రి

బావా,

ముందు తిట్టుకో, తర్వాత చదువు. దసరాకి నువ్వు రాసిన ఉత్తరానికి సంక్రాంతి దాటాక జవాబు రాస్తున్నాను. మధ్యలో మూడుసార్లు మొదలుపెట్టాను. రెండోది సగం పేజీ దాకా వచ్చింది. అంతా దిగులే. చించేశాను. ఆ మనసుతో నీకు రాయబుద్ధి కాలేదు. ఈ రాత్రి మాత్రం రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తా. అమ్మ బాగుంది, షుగర్ అదుపులో ఉంది. పెద్దోడు లెక్కల్లో కోలుకున్నాడు. చిన్నదానికి ముందు పళ్ళు రెండూ ఊడాయి, అందుకే వీడియో కాల్‌లో నీకు మొహం చూపించడం లేదు. మీ చెల్లెలు వదినకిమ్మని మలైకాజాలు కట్టి పెట్టింది, ఒంగోలు వచ్చేవాళ్ళు ఎవరైనా దొరికితే పంపుతాను. వానలకి వెనకగది గోడ చెమ్మపట్టింది. అంతే.

ఇక అసలు సంగతి. నిన్న, ముక్కనుమ పొద్దున, అయిదు కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తాను బావా! ఒక్క అడుగు కూడా నడవలేదు. ఆగస్టు తర్వాత ఇదే మొదటిసారి. మైపాడు రోడ్డు మీద. చివర సముద్రం.

ఫోన్‌లో చెప్పేయొచ్చు. కానీ ఫోన్‌లో "అయిదు పరిగెత్తా" అంటే నువ్వు "సూపర్ రా" అంటావు, అయిపోతుంది. ఇది అలా అయిపోవడం నాకిష్టం లేదు. పైగా మోకాలికి డాక్టరు సరేనంటే వచ్చే నెల నువ్వూ మొదలుపెడతావు కదా, నాకు జరిగింది నీకు జరగకూడదు.

పొదలకూరు రోడ్డులో రాయి అంచు మీద అడుగుపడి కుడి చీలమండ బెణికిన సంగతి నీకు తెలుసు. బయటివైపు లిగమెంటు కొంత చిరిగిందన్నారు. మూడు వారాలు చీలమండ కదలకుండా పట్టే బూటు, ఆ తర్వాత ఫిజియో. రబ్బరు పట్టీతో పాదం లాగడం, ఒంటికాలి మీద నిలబడి పళ్ళు తోముకోవడం, అన్నీ చేశాను. నవంబరు మధ్యలో ఫిజియో మేడమ్ ఇక పరిగెత్తొచ్చన్నారు. నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అలా పదిసార్లు. ఆ మాట విన్న రోజు స్టేడియం గేటు దగ్గర నిలబడి ఎంతసేపు బూటు లేసులు కట్టుకున్నానో!

కాలు నొప్పి పెడుతుందేమోనని భయపడుతూ దిగాను. కాలు ఒక్కసారి కూడా నొప్పి పెట్టలేదు. నొప్పి డొక్కలో వచ్చింది.

రెండో వారంలో మొదలైంది. పరుగు నాలుగేసి నిమిషాలకి పెంచగానే కుడివైపు పక్కటెముకల కింద ఎవరో దబ్బనంతో గుచ్చినట్టు పోటు. ఊపిరి పైకి తీస్తే ఇంకా లోపలికి దిగుతుంది. ఆగితే రెండు మూడు నిమిషాల్లో పోతుంది. మళ్ళీ పరిగెత్తితే మళ్ళీ అక్కడే. చిన్నప్పుడు మనకి వచ్చేది చూడు, అదే. మన పీటీ సారు గుప్పిట్లో గులకరాయి పెట్టి పిసకమనేవారు. నీ రాయి సంగతి ఇక్కడ రాయను, ఉత్తరం చెల్లెమ్మ చేతిలో పడితే కష్టం.

కానీ అప్పుడు పన్నెండేళ్ళు, పోటు వస్తే కూర్చుని మళ్ళీ లేచేవాళ్ళం. ఇప్పుడు అలా లేదు. కాలు బాగుపడ్డాక ఒళ్ళు వేరే చోట నుంచి "వద్దు" అంటోందేమో అనిపించేది. ఒకరోజు కుడి భుజం కొసన కూడా సన్నగా నొప్పి పుట్టింది. డొక్క దగ్గర జబ్బు భుజానికెందుకు ఎక్కింది? ఆ రాత్రి నిద్రపోలేదు. లివర్ అనుకున్నాను, ఇంకేవేవో అనుకున్నాను. మా నాన్నకి కూడా మొదట్లో... సరే, అది వద్దులే.

మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన పొట్ట నొక్కి చూసి, గుండె చూసి, వివరంగా అడిగారు. ఆగితే పోతోందా? పోతోంది. ఊరికే కూర్చున్నప్పుడు వస్తోందా? రావడం లేదు. ఛాతీ మీద బరువు, ఎడమ చేతికి లాగడం, జ్వరం, వాంతులు? ఏవీ లేవు. "అయితే ఇది పరుగు పోటే, భయం వద్దు. ఆగాక కూడా తగ్గకపోయినా, కూర్చున్నప్పుడు వచ్చినా వెంటనే రండి" అన్నారు. భుజం సంగతి కూడా చెప్పారు. ఊపిరి తీసుకునేటప్పుడు కిందికీ పైకీ కదిలే డయాఫ్రం అనే కండర పొర ఉంది కదా, దాని నరం మెడలో నుంచి దిగుతుందట. అందుకని కింద కోపం వస్తే మెదడు దాన్ని భుజం నొప్పిగా లెక్కవేసుకుంటుందట. ఆ మాట వినగానే గుండె మీంచి బండ దిగింది.

కానీ భయం పోయినంత మాత్రాన పోటు పోలేదు. డిసెంబరంతా అదే తంతు. వానలు తెరిపి ఇచ్చిన పొద్దునల్లా వెళ్ళడం, ఎనిమిదో నిమిషానికి డొక్క పట్టుకుని నిలబడటం. నా పక్కనుంచి అరవై దాటినవాళ్ళు నింపాదిగా పరిగెత్తుకుంటూ పోయేవాళ్ళు. వాళ్ళని చూసి సంతోషించాలి, నాకు ఏడుపొచ్చేది. నీకు రాసి చించేసిన ఉత్తరం అప్పటిదే.

రాత్రిళ్ళు దీని గురించి చదవడం మొదలుపెట్టాను. ఇంత మామూలు నొప్పికి కారణం ఇప్పటికీ ఎవరికీ కచ్చితంగా తెలియదు బావా, నమ్ముతావా? ఆస్ట్రేలియాలో మోర్టన్, కాలిస్టర్ అని ఇద్దరు దీన్నే పట్టుకుని ఏళ్ళ తరబడి పరిశోధించారు. 2000లో వాళ్ళు 965 మందిని అడిగితే, అంతకు ముందు ఏడాదిలో ఈ పోటు వచ్చిందన్నవాళ్ళు ఈతగాళ్ళలో 75 శాతం, పరిగెత్తేవాళ్ళలో 69 శాతం. గుర్రపు స్వారీ చేసేవాళ్ళలో కూడా 62 శాతం! సైకిల్ తొక్కేవాళ్ళలో 32 మాత్రమే. నువ్వు సైకిలెక్కి ఒంగోలు నుంచి కొత్తపట్నం దాకా వెళ్ళొచ్చినా ఏమీ కానిది అందుకేనేమో.

గుర్రం దగ్గరే నేను ఆగిపోయాను. డయాఫ్రానికి రక్తం చాలక ఈ నొప్పి వస్తుందని పాత నమ్మకం. మరి గుర్రం మీద కూర్చున్నవాడు మనలా రొప్పడు కదా? వాడి ఒళ్ళు ఎగిరెగిరి పడుతుంది, అంతే. అందుకని వాళ్ళిద్దరూ ఇంకో కారణం వైపు మొగ్గారు. జాకెట్టుకి లోపల లైనింగ్ గుడ్డ వేసినట్టు మన పొట్ట గోడకి లోపల ఒక పొర ఉంటుంది. కడుపు నిండా ఉన్నప్పుడు ఒళ్ళు కుదుపుకి లోపలివి దానికి రాసుకుని అది మండుతుందని వాళ్ళ అనుమానం. తిన్న వెంటనే పరిగెత్తితే పోటు ఎందుకు వస్తుందో కూడా దీంతో కుదురుతుంది.

ఇది చదివి నేను చేస్తున్న పని గుర్తొచ్చింది. అమ్మ నా ఎముకకి బలం రావాలని రోజూ అయిదింటికి పెద్ద గ్లాసుడు రాగిజావ, అందులో బెల్లం, కలిపి ఇచ్చేది. తాగి అయిదున్నరకి పరుగు! ఎక్కువ తీపి ఉన్న ద్రవాలు ఇంకా చెడ్డవట. అమ్మకి ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు తటపటాయించాను. చెప్పాను. "వచ్చాకే తాగు నాయనా, దానికంత టెన్షన్ ఎందుకు" అంది. ఇప్పుడు లేవగానే రెండు గుక్కల నీళ్ళు, అంతే. ఏమన్నా గట్టిగా తింటే రెండు మూడు గంటలు ఆగుతాను.

దాంతో పోటు కొంత తగ్గింది. సగం. మిగతా సగం ఎందుకు పోవడం లేదో అర్థం కాలేదు. ఆ రహస్యం పట్టింది మీ చెల్లెలు.

క్రిస్మస్ సెలవుల్లో పిల్లల్ని తీసుకుని స్టేడియంకి వచ్చింది. నేను పరిగెత్తుతుంటే పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీసింది. ఇంటికొచ్చి చూపిస్తూ, "ఏమండీ, మీరు నేల మీద ఉంగరం పడిపోయినట్టు వెతుక్కుంటూ పరిగెత్తుతున్నారు" అంది.

నిజం బావా. వీడియోలో నా తల కిందికే ఉంది. కళ్ళు కుడి పాదం మీద. మళ్ళీ ఎక్కడ బెణుకుతుందోనని ప్రతి అడుగూ చూసుకుంటున్నాను. వెన్ను కొడవలిలా వంగిపోయింది, భుజాలు చెవుల దాకా లేచాయి, ఊపిరి గొంతు దగ్గరే తిరుగుతోంది. అలా పరిగెత్తుతున్నానని నాకు తెలియనే తెలియదు! ఆగస్టులో నేను నిటారుగానే పరిగెత్తేవాణ్ణి, నువ్వు చూశావు కదా. కాలు బాగయింది గానీ కాలి భయం వీపు మీద వంగి కూర్చుంది. వెన్ను పైభాగం వంగి ఉండేవాళ్ళకి ఈ పోటు ఎక్కువని ఆ ఆస్ట్రేలియావాళ్ళే 2010లో రాశారు. అది అంతకు ముందే చదివాను, నాకు కాదనుకుని పేజీ తిప్పేశాను.

వీడియో ఫిజియో మేడమ్‌కి చూపించాను. ఆవిడ గోడకి వీపు ఆనించి చేతులు పైకి జరిపే కసరత్తు ఒకటి, పొట్ట కండరాలకి ప్లాంకు, అంటే మోచేతుల మీద ఒళ్ళు బల్లలా నిలపడం, ఒకటి ఇచ్చారు. "పాదం సంగతి పాదానికి వదిలెయ్యండి, మీరు దూరంగా ఉన్న చెట్టుని చూడండి" అన్నారు. చెట్టు! నాకు నవ్వాగలేదు, మన నాలుగో చింతచెట్టు గుర్తొచ్చి. ఆవిడకి చెప్పలేదులే.

ఊపిరి కూడా మార్చుకున్నాను. నోటితో, ఊదినట్టు, పూర్తిగా వదలడం. కుడి డొక్కలో పోటు కదా, అందుకని ఎడమ పాదం నేలకి తగిలేటప్పుడు వదలడం మొదలుపెడతాను. ఇది పరుగువాళ్ళలో ఒకరినుంచి ఒకరికి వచ్చిన మాట, నాకు మాత్రం పనిచేసింది. మొదట్లో లెక్క తప్పేది, వారానికి అలవాటైంది. అన్నిటికంటే కష్టమైంది వేగం తగ్గించడం. పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత నెమ్మది. మూడు నెలలు కూర్చున్న ఊపిరితిత్తులకి ఆగస్టు నాటి వేగం ఇవ్వబోయాను నేను. నువ్వు ఆ పని చెయ్యొద్దు. నీ సంగతి నాకు తెలుసు, గోలీసోడా రోజు చూశాను.

ఇక నిన్న. పండక్కి ఇందుకూరుపేట పిన్ని వాళ్ళింట్లో ఉన్నాం. కనుమ నాడు కాకైనా కదలదంటారు, నేనూ కదల్లేదు. గారెలు మధ్యాహ్నమే తిన్నాను, రాత్రికి కొంచెం మజ్జిగన్నం. పొద్దున్నే తమ్ముడు బైకు మీద తీసుకెళ్ళి, మైపాడు ఇంకా అయిదు కిలోమీటర్లుందనగా దింపాడు. మంచు పట్టింది. రెండు పక్కలా వరి పచ్చగా మోకాలెత్తు లేచి ఉంది. మొదటి పది నిమిషాలు అక్కడే అటూ ఇటూ నడిచాను. తర్వాత మొదలుపెట్టాను.

రెండు కిలోమీటర్లు ఏమీ లేదు. మూడో కిలోమీటరులో, రొయ్యల గుంటలు మొదలైన చోట, కలుక్కుమంది. అదే చోట. నా కళ్ళు వెంటనే కిందికి దిగాయి, పాదం మీదికి! దిగడం నాకు తెలిసింది బావా. మొదటిసారి తెలిసింది. తలెత్తాను. దూరంగా ఒక తాటిచెట్టు, దాన్ని పట్టుకున్నాను. వేగం ఇంకా తగ్గించాను. మూడు వేళ్ళతో పోటున్న చోట లోపలికి నొక్కి, కొంచెం ముందుకి వంగి, ఎడమ పాదం మీద ఊ...దుతూ వెళ్ళాను. వంగడం, పెదాలు ముడిచి ఊదడం, ఇవి 1999లోనే ప్లంకెట్, హాప్‌కిన్స్ అనేవాళ్ళు పరీక్షించారు. ఆ క్షణంలో అవేవీ గుర్తులేవు. ఒక్క తాటిచెట్టే. ఇరవై ఊపిర్లు లెక్కపెట్టాను. పదిహేడో, పద్దెనిమిదో దగ్గర అది వదిలేసింది. గుంజకి కట్టిన తాడు ముడి విప్పినట్టు. మళ్ళీ నిటారుగా లేచాను.

పోటు వచ్చింది, నేను ఆగలేదు, అదే పోయింది. ఈ మాట నాలుగుసార్లు రాయాలని ఉంది.

చివరి కిలోమీటరులో ఉప్పుగాలి తగిలింది. ఇసుక మొదలయ్యే చోట ఆగిపోయాను, మెత్తటి ఇసుకలో చీలమండకి ఇప్పుడే వద్దన్నారు. బూట్లు విప్పి నీళ్ళ దాకా నడిచి వెళ్ళాను. వలలు లాగుతున్న వాళ్ళు ఒకసారి చూసి మళ్ళీ పనిలో పడ్డారు. నేను ఏడ్చాను. చాలాసేపు. తమ్ముడు కంగారుపడి "అన్నా, కాలా?" అన్నాడు. కాదన్నాను. ఏంటో చెప్పలేకపోయాను. నాన్న ఉన్నప్పుడు మనిద్దరినీ ఇక్కడికే కదా... నీకు చెప్పక్కర్లేదు.

నువ్వు మొదలుపెట్టిన రోజు నాకు చెప్పు. చెల్లెమ్మని పక్కనుంచి వీడియో తీయమను, మొదటి రోజే. నీ మోకాలు కూడా నిన్ను కిందికి చూడమంటుంది. మార్చిలో నేను ఒంగోలు వస్తాను, కొత్తపట్నం రోడ్డులో ఇద్దరం కలిసి నెమ్మదిగా, మాట్లాడుకుంటూ

కరెంటు పోయింది. సెల్ వెలుగులో రాస్తున్నాను, చార్జింగ్ కూడా అయిపోతోంది. రేపు ఆరింటికి డ్యూటీ, దారిలో పోస్టు చేసేస్తా. గులకరాయి ఇంకా నీ దగ్గరే ఉంటే