కువైట్‌కు పోయేది ఒకరు, ఎయిర్‌పోర్టుకు పోయేది పదిమంది

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ జిల్లా పేజీలో విమానాల వార్త వచ్చిందంటే అది రెండే రకాలు, కొత్త సర్వీసు మొదలైందని ఒకటి, ఉన్న సర్వీసు ఆగిపోయిందని ఇంకొకటి. మీ తప్పేం లేదు, మన కడప ఎయిర్‌పోర్టు కథే అట్లుంది. 2015 జూన్‌లో తెరిచినప్పుడు బెంగళూరుకు ఎయిర్ పెగాసస్ విమానం తిరిగింది, ఏడాదికి అది ఆగింది. 2017 ఏప్రిల్‌లో చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే ఉడాన్ పథకం కింద హైదరాబాద్‌కు ట్రూజెట్ వచ్చింది, కొన్నేళ్లకు అదీ పోయింది. ఇవన్నీ ఎక్కేవాళ్ల వార్తలు. ఎక్కకుండా ఊరికే చూసి వద్దామనుకునేవాళ్ల గురించి ఎవరూ రాయరు. నేను ఆ రెండో రకం మనిషిని. ఒకప్పుడు పెద్ద ఎయిర్‌పోర్టుల్లో మాలాంటివాళ్ల కోసమే గ్యాలరీ ఉండేది, టికెట్ కొనుక్కొని పోయి చూసేవాళ్లం అంటే మా మనవడు నమ్మడం లేదు. అబద్ధం చెప్తున్నానని వాళ్ల అమ్మతో అన్నాడంట.

నేను బాడుగ జీపు తోలేవాణ్ణి. రాయచోటి, రాజంపేట, కోడూరు పక్క ఊళ్ల నుంచి మగా ఆడా కువైట్ బాట పట్టిన రోజులవి. విమానం మద్రాసులో ఎక్కాలి. పోయేది ఒకరే, జీపులో ఎక్కేది మాత్రం అమ్మా నాయనా, పెండ్లాం పిల్లోళ్లు, అత్తగారింటివాళ్లు, ఆఖరికి పక్కింటి జేజి కూడా, "నేనెప్పుడూ ఇమానం చూళ్లేదు నాయనా, ఓ పక్కన కూసుంటా" అని. బాడుగ మాట్లాడుకునేటప్పుడే అడిగేవాణ్ణి, మనిషిని దించి అటునుంచి అటే తిరిగొస్తారా, ఉండి చూసుకొని వస్తారా అని, ఎందుకంటే వెయిటింగ్‌కు లెక్క వేరే ఉంటుంది. అటునుంచి అటే వచ్చేస్తామన్నవాళ్లు నాకైతే గుర్తు లేరు.

రాజంపేట, కోడూరు, రేణిగుంట, పుత్తూరు మీదుగా రాత్రంతా తోలుకొని పోతే తెల్లారేసరికి మీనంబాకం, అదే మద్రాసు ఎయిర్‌పోర్టు. చింతపండు పులుసన్నం మూటలు, నీళ్ల క్యాన్, పరుచుకోవడానికి దుప్పటి, అన్నీ ఉండేవి. విమానం ఏ సాయంత్రానికో ఉంటుంది, అయినా పొద్దున్నే దిగాల్సిందే. టికెట్ తీసుకొని గ్యాలరీలోకి పోతే ఎదురుగా రన్‌వే, కిరసనాయిలు వాసన. అది నిజంగా కిరసనాయిలే, విమానానికి పోసే ఇంధనం దాని జాతిదే, శుద్ధి ఎక్కువ, అంతే. ఆ వాసన తగిలితే పిల్లకాయలకు పూనకమే.

అసలు సంగతి మా వాడు విమానం ఎక్కేటప్పుడు ఉండేది. అందరూ మెట్ల దాకా వరసగా పోతుంటే ఇక్కడ పెద్ద పంచాయితీ. ఆ తెల్లచొక్కా వాడే మా వాడు అని ఒకరు, కాదు వాని నడక అట్లుండదు అని ఇంకొకరు. అటునుంచి ఎవరో ఒకరు చెయ్యి ఊపేవాళ్లు, అందరూ తిరిగి ఊపేవాళ్లు. ఉత్తరం వచ్చినాక తెలిసేది, ఆ ఊపినవాడు మనవాడు కాదని, మనవాడు అసలు వెనక్కి తిరిగే చూడలేదని. విమానం లేచిపోయాక ఆడవాళ్లు ఏడుస్తా ఉంటే పిల్లకాయలు ఇంకో విమానం దిగుతోందని అరిచేవాళ్లు, ఏడుస్తున్నవాళ్లు కూడా కళ్లు తుడుచుకొని అటు తిరిగి చూసేవాళ్లు. దాన్ని పిక్నిక్ అనాలో ఇంకేమనాలో నాకు తెలీదు. అటునుంచి మెరీనా బీచ్, మళ్లీ రాత్రంతా ప్రయాణం.

ఇది మా ఒక్కళ్ల పిచ్చి కాదు. కర్నూలు వాళ్లను అడగండి. హైదరాబాద్ పోతే చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, జూపార్కు, వీటితోపాటు బేగంపేట కూడా. ఎయిర్‌పోర్టు ఊరి నడుమనే ఉండేది, విమానం ఇళ్ల మీదుగా తగులుతుందేమో అన్నంత కిందుగా వచ్చేది. అనంతపురం వాళ్లకు లాల్‌బాగ్, కబ్బన్ పార్కు, దాని తర్వాత హెచ్‌ఏఎల్ ఎయిర్‌పోర్టు. 1990లో పుట్టపర్తిలో సత్యసాయి ఎయిర్‌పోర్టు వచ్చినాక ఆ జిల్లావాళ్లకు సొంత గడ్డ మీదే విమానం దిగడం చూసే భాగ్యం కలిగింది.

మరి ఎందుకు పోయింది ఇదంతా అంటే సెక్యూరిటీ అంటారు. నిజమే, కాదనను. మేం అన్నం మూటలు విప్పుకున్న ఆ మీనంబాకంలోనే 1984 ఆగస్టు 2 రాత్రి సూట్‌కేసుల్లో పెట్టిన బాంబు పేలి 30 మందికి పైగా చనిపోయారు. మరుసటేడు జూన్‌లో ఎయిర్ ఇండియా వాళ్ల కనిష్క విమానం సముద్రం మీద పేలిపోయి 329 మంది పోయారు. దాని తర్వాతే, 1987లో, విమానాల భద్రత చూసే బీసీఏఎస్‌ను ప్రత్యేక శాఖగా చేశారు. 1999 డిసెంబరు 24న ఖాట్మండు నుంచి వస్తున్న విమానాన్ని కాందహార్‌కు ఎత్తుకుపోయారు, 2000 సంవత్సరంలో జైపూర్‌తో మొదలుపెట్టి ఎయిర్‌పోర్టులను కేంద్ర భద్రతా దళం సీఐఎస్‌ఎఫ్ చేతికి ఇస్తూ వచ్చారు. ఆ మరుసటేడు అమెరికాలో సెప్టెంబరు 11. అప్పటిదాకా అక్కడ టికెట్ లేనివాళ్లు కూడా తనిఖీ చేయించుకొని విమానం గేటు దాకా పోయి సాగనంపి వచ్చేవాళ్లు, ఆ రోజుతో అదీ బంద్. మన దగ్గర సందర్శకుల టికెట్లు ఆ తర్వాత కూడా అక్కడక్కడా అమ్మారు గానీ జనవరి 26, ఆగస్టు 15 దగ్గర పడితే ఆపేస్తారు, ఇప్పుడు చాలా చోట్ల గేటు దగ్గర టికెట్, ఆధార్ కార్డు చూపిస్తే తప్ప లోపలికి లేదు. ఇందులో దేన్నీ తీసేయమని నేను అడగడం లేదు. మనుషుల ప్రాణాల కంటే నా సరదా ఎక్కువ కాదు.

కానీ అంతా సెక్యూరిటీ వల్లే అంటే ఒప్పుకోను. ఇంకో రెండు జరిగాయి. ఒకటి, ఎయిర్‌పోర్టులు ఊరు దాటి పోయాయి. 2008 మార్చిలో బేగంపేట మూసి శంషాబాద్ తెరిచారు, మేలో బెంగళూరు హెచ్‌ఏఎల్ మూసి దేవనహళ్లి తెరిచారు. జూపార్కు చూసి అట్నుంచటే ఎయిర్‌పోర్టుకు పోదాం అనే మాట అక్కడితో అయిపోయింది. అనంతపురం వాళ్లకు దేవనహళ్లి బెంగళూరు కంటే దగ్గరే, కానీ అక్కడ కట్టిందంతా ఎక్కేవాళ్ల కోసం. రెండోది ఏరోబ్రిడ్జి. మనిషి గాజు తలుపు దాటాడంటే గొట్టంలోకి పోయి గొట్టంలోంచే విమానంలోకి పోతాడు, మెట్లెక్కడం లేదు, వెనక్కి తిరిగి చెయ్యి ఊపడం లేదు. ఇంక గ్యాలరీ ఉన్నా ఏం చూస్తావ్?

అక్కడే మన చిన్న ఎయిర్‌పోర్టుల గొప్పతనం. కడపకు, కర్నూలు ఓర్వకల్లుకు వచ్చే విమానాలు ఎక్కువగా ఏటీఆర్‌లు, రెండు పంకాలది, 70 పైచిలుకు సీట్లది. దాని తలుపు తోక దగ్గర ఉంటుంది, ఆ తలుపే కిందికి తెరుచుకొని మెట్లవుతుంది. ఏరోబ్రిడ్జి పని లేదు. జనం ఇప్పటికీ నేల మీద నడిచిపోయి ఎక్కుతారు, అంటే పెద్ద ఊళ్లలో పోయిన ఆ దృశ్యం మన రాయలసీమలో ఇంకా మిగిలే ఉంది, చూడ్డానికి చోటే లేదు.

చోటు లేదంటే ఏమైతుందో చెప్తా. ఆమధ్య ఒక చిన్న ఎయిర్‌పోర్టు కంచె బయట, రోడ్డు పక్కన, బండి ఆపి మనవడికి విమానం చూపిద్దామని నిలబడ్డాను. గార్డు వచ్చి ఏం పని ఇక్కడ అన్నాడు. విమానం చూస్తున్నాం అన్నా. చూడ్డానికి ఏముంది అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు ఎట్లా చెప్పాలి సార్? పిల్లోడి చేతిలో ఫోన్ ఉంది, అందులో ఫ్లైట్‌రాడార్ యాప్‌లో ఆ విమానం ఎక్కడి నుంచి వస్తోందో, ఎంత ఎత్తులో ఉందో, ఎంత స్పీడులో ఉందో మొత్తం కనపడుతోంది. ఫోన్లో లోకమంతా చూడొచ్చు గానీ కళ్లతో చూడకూడదంట. గార్డు మీద నాకు కోపం లేదు, ఆయనకిచ్చిన డ్యూటీ ఆయన చేశాడు. పోండి అన్నాడు, వచ్చేశాం.

మన జనానికి విమానాల మీద మోజు తగ్గిందనుకుంటే పొరపాటు. ఎలక్షన్లప్పుడు ఊరి బయట హెలికాప్టర్ దిగితే వచ్చే జనంలో సగం మంది లీడర్ కోసం రారు, హెలికాప్టర్ కోసమే వస్తారు, అది లేచిపోయేదాకా మీటింగ్‌లో కూడా కూర్చోరు. (లీడర్లకు ఇది తెలుసో లేదో.)

బయట దేశాల్లో దీనికి దారి చూసుకున్నారు. మా అక్క కొడుకు జర్మనీలో ఉన్నాడు. మ్యూనిక్ ఎయిర్‌పోర్టు పక్కన సందర్శకుల కోసమే మట్టితో ఒక దిబ్బ పోశారు, కొద్దిగా డబ్బు కట్టి ఎక్కి చూడొచ్చు, పక్కనే పాతకాలం విమానాలు కూడా పెట్టారు. టోక్యోలో హనేడా ఎయిర్‌పోర్టు టెర్మినళ్ల పైకప్పు మీద జనం నిలబడి చూసే చోట్లు ఉన్నాయి, దానికి విమానం టికెట్ అక్కర్లేదు. అమెరికాలోనే పిట్స్‌బర్గ్ ఎయిర్‌పోర్టు 2017లో, ఐడీ కార్డు చూసి, పేరు సరిచూసుకొని, ప్రయాణికులతో పాటే తనిఖీ చేసి, విమానం ఎక్కనివాళ్లను మళ్లీ లోపలికి పంపడం మొదలుపెట్టింది. అంత దెబ్బ తిన్న దేశం కదా అది. ఇక అంత దూరం ఎందుకు, బెంగళూరు పక్కన యలహంక ఎయిర్‌ఫోర్సు స్థావరం. ఏరో ఇండియా అనే విమానాల ప్రదర్శన జరిగినప్పుడు అక్కడ జనానికి టికెట్లు అమ్మి, ప్రత్యేకంగా చోటు కేటాయించి విమానాలు చూపిస్తారు. యుద్ధ విమానాలు ఉండే చోట వీలైంది, రోజుకు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని విమానాలు దిగే మన దగ్గర వీలు కాదా?

నేను అడిగేది టెర్మినల్ లోపలికి పంపమని కాదు. కంచెకు బయట, తగినంత దూరంలో, ఒక ఎత్తైన అరుగు, పైన రేకుల షెడ్డు, తాగడానికి నీళ్లు. టికెట్ పెట్టండి, రైల్వే స్టేషన్లో ప్లాట్‌ఫారం టికెట్ కొంటున్నాం కదా. బ్యాగులు వద్దంటే వద్దు. ఫొటోలు తీయకూడదంటే ఫోన్లు గేటు దగ్గరే తీసుకోండి, తిరుమలలో దర్శనానికి పోయేటప్పుడు ఇచ్చి పోవడం లేదా?

ముందు ఓర్వకల్లులో మొదలుపెట్టడం సులువని నా ఉద్దేశం. కడపది కేంద్రం చేతిలోని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది, ఓర్వకల్లుది రాష్ట్ర ప్రభుత్వ సంస్థదే. బీసీఏఎస్ ఒప్పుకోవాలి, నిజమే, కానీ అడిగితేనే కదా ఒప్పుకునేదీ లేనిదీ తెలిసేది. పైగా 2021 మార్చిలో ఆ ఎయిర్‌పోర్టుకు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు, ఆ పేరు చెప్తే ఈ జిల్లాల పిల్లలు పోయి చూడాలనుకుంటారు. అదే ఓర్వకల్లులో రాక్ గార్డెన్ ఉంది, ఆదివారం కుటుంబాలతో జనం ఎట్లాగూ వస్తున్నారు, కర్నూలు నంద్యాల బస్సులు ఆ దారినే పోతాయి. రాళ్లు చూడ్డానికి వచ్చినవాళ్లు విమానం చూసి పోరా?

స్కూళ్లవాళ్లు కూడా ఆలోచించాలి. రన్‌వే మొదట్లో తెల్లగా రాసే అంకె ఉంటుంది, అది దిక్సూచి చూపే డిగ్రీల్లో చివరి సున్నా తీసేసింది. 09 అంటే తూర్పు ముఖం, అదే రన్‌వే రెండో కొనలో 27 ఉంటుంది, పడమర ముఖం. విమానం గాలికి ఎదురుగానే లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది, అందుకే నారింజ రంగు గాలి సంచి కట్టి ఉంటుంది, అది చూసి ఈ రోజు విమానం ఏ కొన నుంచి వస్తుందో పిల్లలే చెప్పగలరు. మాకు ఇవన్నీ గ్యాలరీలో పక్కన నిలబడ్డవాళ్లు చెప్తే తెలిసినవే, ఏ బడిలోనూ చెప్పలేదు.

కడప ఎయిర్‌పోర్టుకు సలహా కమిటీ అని ఒకటుంటుంది, దానికి ఎంపీ గారే పెద్ద. ఆ మీటింగ్‌లో ఎప్పుడూ కొత్త సర్వీసుల మాటే ఉంటుంది, ఈ అరుగు మాట కూడా ఒకసారి ఎత్తమని మీ పేపర్ ద్వారా మనవి చేస్తున్నా. ఈలోపల మీరు చేయగలిగింది కూడా ఒకటుంది. జిల్లా పేజీలో సినిమా ఆటల టైమింగులు వేస్తారు కదా, దాని కింద రెండు లైన్లు, కడపలో, ఓర్వకల్లులో ఈ రోజు విమానం ఎన్నింటికి దిగుతుందో, ఎన్నింటికి లేస్తుందో వేయండి. లేటైతే లేటని కూడా వేయండి.

ఇట్లు,
ఒక పాత జీపు డ్రైవరు,
ఎర్రముక్కపల్లె, కడప