పాటల కంప్యూటర్ రేటు ఎందుకు పెరిగింది, డెలివరీ ఎందుకు ఆలస్యమైంది

మా దగ్గర పాటల కంప్యూటర్ బుక్ చేసుకున్నవాళ్లూ, రేటు కనుక్కుని వెళ్లినవాళ్లూ ఈమధ్య రెండే ప్రశ్నలు అడుగుతున్నారు. దీపావళికి చెప్పిన రేటు ఇప్పుడెందుకు లేదు? అడ్వాన్సు కట్టి ఇన్నాళ్లయినా బాక్సు ఎందుకు రాలేదు? ఫోన్లో ఒక్కొక్కరికి ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా, ఉన్నదున్నట్టు అందరికీ ఒకేసారి చెబుదామని రాస్తున్నాను.

కొత్తవాళ్ల కోసం ఒక మాట. నెల్లూరు ట్రంకురోడ్డు పక్క సందులో మాది కంప్యూటర్లు అసెంబుల్ చేసే షాపు. ఆఫీసులకు, పిల్లల చదువులకు చేసే మామూలు కంప్యూటర్లతో పాటు, పాటలు వినడానికి మాత్రమే ఫ్యాన్ లేని చిన్న బాక్సు చేసి ఇస్తాం. హాల్లో ఆంప్లిఫయర్ పక్కన పెట్టుకుని ఫోన్‌తోనే పాటలు మార్చుకోవచ్చు.

ముందు రేటు సంగతి. 2025 చివరి నుంచి ర్యామ్ (కంప్యూటర్ పని చేసేటప్పుడు వాడుకునే మెమరీ), ఎస్‌ఎస్‌డీ (పాటలు దాచుకునే, తిరిగే భాగాలు లేని డిస్క్) రేట్లు ఆగకుండా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ చిప్‌లు ఎగబడి కొంటుంటే తయారీదార్లంతా అటే మొగ్గారు. అదే ఏడాది డిసెంబరులో మైక్రాన్ అనే మెమరీ కంపెనీ, క్రూషియల్ పేరుతో మామూలు కొనుగోలుదార్లకు అమ్మే వ్యాపారం మానేస్తున్నట్టు ప్రకటించింది. మేం ఎక్కువగా వేస్తూ వచ్చింది ఆ బ్రాండే. ఇలాంటిది ఇదే మొదటిసారి కాదు. 2020 అక్టోబరులో జపాన్‌లోని నొబెయోకాలో ఏకేఎం అనే కంపెనీ చిప్‌ల ఫ్యాక్టరీ తగలబడితే మంచి డ్యాక్‌లు, అంటే కంప్యూటర్ అంకెల్ని శబ్దంగా మార్చే పరికరాలు, దొరకడమే గగనమైంది. ఎక్కడో జరిగినదానికి మన సందులో బిల్లు మారుతుంది. నా లాభం పెంచలేదు, సరుకు నాకు పడిన రేటు ఎవరడిగినా ఇన్‌వాయిస్‌తో సహా చూపిస్తాను.

అందుకని ఒక మార్పు చేశాను. ఇకనుంచి బాక్సులో 16 జీబీ ర్యామ్ వెయ్యను, 8 జీబీ వేస్తాను. ఎస్‌ఎస్‌డీ 1 టీబీ బదులు 500 జీబీ. పాటకు దీనివల్ల వీసమెత్తు తేడా రాదు. సీడీలో ఉన్న సంగీతం సెకనుకు 1,411 కిలోబిట్లు. సినిమా ఆడించే కంప్యూటర్ పడే కష్టంలో అది ఏ మూలకూ రాదు. మేం వేసే ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ 6 వాట్లదే, అదీ పాట నడుస్తున్నంతసేపూ దాదాపు ఖాళీగానే ఉంటుంది. గంట నిడివి సీడీని ఫ్లాక్ అనే ఫైల్‌గా మారిస్తే 300 నుంచి 400 ఎంబీ అవుతుంది, నాణ్యత ఏమీ పోదు. ఆ లెక్కన 500 జీబీలో వెయ్యికి పైగా సీడీలు పడతాయి. మా కస్టమర్లలో అన్ని సీడీలు ఉన్నవాళ్లు చాలా తక్కువ.

"ఎస్‌ఎస్‌డీ అంత రేటైతే హార్డ్ డిస్క్ వెయ్యన్నా" అని కావలి నుంచి ఒకాయన అడిగారు. బాక్సు లోపల మాత్రం వెయ్యను. అది నిమిషానికి 5,400 సార్లో, 7,200 సార్లో తిరిగే వస్తువు. ఆ వణుకు బల్లకు పాకి సన్నటి రొదలా వినబడుతూనే ఉంటుంది. మీ దగ్గర పాత హార్డ్ డిస్క్ ఉంటే తీసుకురండి. దాన్ని రౌటర్ ఉన్న గదిలో పెట్టి, నెట్‌వర్క్ మీద పాటలు వచ్చేలా సెట్ చేసి ఇస్తాను. దానికి వేరే చార్జీ లేదు.

ఇక ఆలస్యం. పోయినసారి వచ్చిన పవర్ అడాప్టర్లలో చాలావాటికి ఒక జబ్బుంది. బాక్సులో ఫ్యాన్ లేదు, తిరిగే డిస్క్ లేదు, అయినా "కీ..." అని సన్నటి కూత. పగలు షాపులో ఆటోల మోతలో వినబడలేదు. రాత్రి షట్టర్ సగం దించి, లైట్లు తప్ప అన్నీ ఆపి, అడాప్టర్‌కి చెవి ఆనిస్తే దొరికింది. లోపల రాగితీగ చుట్టిన కాయిల్ ఉంటుంది. కరెంటు అందులోంచి వేగంగా ఆగి ఆగి పోతుంటే ఆ చుట్లు వణికి కూస్తాయి. పాట ఆపితే ఒక స్థాయి, పెడితే ఇంకో స్థాయి. బాక్సుకు, ప్రాణానికి ప్రమాదం ఏమీ లేదు, మామూలు కంప్యూటర్‌కైతే నేనూ పట్టించుకునేవాణ్ణి కాదు. కానీ వీణ తీగ మీటాక ఆ నాదం సన్నబడుతూ సన్నబడుతూ పోయేచోట ఈ కూత మిగిలిందంటే, మీరు డబ్బులు పెట్టింది దేనికి? ఆ సరుకంతా వెనక్కి పంపాను. సప్లయర్ మార్చి, వచ్చిన ప్రతి అడాప్టర్‌నూ రాత్రిపూట విని, నచ్చినవే పక్కన పెడుతున్నాను. అందుకే టైం పట్టింది.

కొందరికి నచ్చకపోయినా ఇంకోటి చెప్పాలి. ఫ్యాన్ లేని బాక్సు అందరికీ అక్కర్లేదు. మన ఊళ్లో ఏడాదిలో ఎక్కువ నెలలు సీలింగ్ ఫ్యానో, ఏసీనో లేకుండా కూర్చోలేం. మీరు పాటలు వినేది ఎప్పుడూ ఫ్యాన్ ఐదులో తిరుగుతుండగానే అయితే, నిదానంగా తిరిగే 120 ఎంఎం ఫ్యాన్ ఉన్న బాక్సు చాలు, అది మీకు వినబడదు. పెద్ద ఫ్యాన్ నిదానంగా తిరిగినా చాలినంత గాలి తోస్తుంది, చిన్న ఫ్యాన్‌లా గీపెట్టదు. రేటు కూడా తగ్గుతుంది. రాత్రి ఇల్లు సద్దుమణిగాక, చలికాలంలో, తెల్లవారుజామున వినేవాళ్లకే ఫ్యాన్ లేనిది కావాలి.

అది కొన్నవాళ్లు దాన్ని టీవీ యూనిట్ అరలో పెట్టి అద్దం తలుపు వెయ్యకండి, పైన గుడ్డ కప్పకండి. రోహిణి కార్తెకు రోళ్లు పగిలే ఊరు మనది. ఆ బాక్సు ఒంటికున్న అల్యూమినియం రెక్కలే వేడిని బయటికి వదలాలి. చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది, భయపడక్కర్లేదు. చుట్టూ జానెడు జాగా వదిలితే చాలు.

"మీ బాక్సు పెట్టినా స్పీకర్లలో గుయ్ మంటోంది" అని వచ్చే ఫోన్లలో ఎక్కువభాగం బాక్సు తప్పు కాదు, ఎర్తింగ్ తప్పు. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ గుయ్ కూడా అదే, లేదా దానికి రెట్టింపు. ఆంప్లిఫయర్ ఒక ప్లగ్గులో, కంప్యూటర్ ఇంకో గోడ ప్లగ్గులో ఉంటే ఒక్కోసారి వస్తుంది. రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టి చూడండి. మూడో పిన్ను విరిచేయడం మాత్రం దయచేసి చెయ్యకండి, అది ప్రాణం మీదికొస్తుంది. ఎర్త్ గుంత ఎండిపోయిన ఇళ్లలో ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు మాత్రమే రొద వస్తుంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయ్యుంటుంది, సైన్ వేవ్‌ది తీసుకోవాలి.

డ్యాక్ విషయంలో నా సలహా మారలేదు. అంకెల్ని మళ్లీ శబ్దంగా మార్చేది అదే. డబ్బులుంటే ముందు స్పీకర్ల మీద, తర్వాత దాని మీద పెట్టండి. కంప్యూటర్ పని పాటలోని అంకెల్ని మార్చకుండా దానికి అందించడం, తను నోరు మూసుకుని ఉండటం. విండోస్ మామూలు సెట్టింగుల్లో పాటను తన లెక్కకు మార్చి పంపిస్తుంది, అందుకే మేం లినక్స్ మీద నడిచే వొల్యూమియో అనే పాటల సాఫ్ట్‌వేర్ వేసి ఇస్తాం. వేల రూపాయల యూఎస్‌బీ కేబుల్ మా షాపులో అమ్మను, అడిగినా తెప్పించను. సెకనుకు 320 కిలోబిట్లకు కుదించిన ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చి ఇమ్మని కూడా అడగొద్దు, పోయిన వివరం తిరిగి రాదు. మీ ఇంట్లో అసలు సీడీ ఉంటే, మన ఎస్పీ బాలు గారివి మా దగ్గరికి చాలా వస్తుంటాయి, అది తీసుకురండి. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్‌తో ఒక్క బిట్టు పోకుండా తీసి ఇస్తాం.

అడ్వాన్సు కట్టినవాళ్లకు పాత రేటే. ఆ తేడా నేను భరిస్తాను. 8 జీబీ, 500 జీబీ వద్దు, మొదట అనుకున్నదే కావాలంటే అదే వేసి ఇస్తాను. ఎదురుచూడలేం అనుకుంటే అడ్వాన్సు మొత్తం వెనక్కిస్తాను, మొహమాటం లేకుండా అడగండి. కొత్తగా తీసుకోవాలనుకునేవాళ్లు, ఇంట్లో పాతబడిన ఆఫీసు కంప్యూటర్లలో డీడీఆర్4 రకం ర్యామ్ ఉంటే పట్టుకురండి. మా బోర్డుకు సరిపోతే అదే వేసి, ఆ మేరకు బిల్లులో తగ్గిస్తాను.

విని కొనాలనుకునేవాళ్లు రాత్రి ఎనిమిదిన్నర దాటాక రండి, అప్పటికి రోడ్డు మోత తగ్గుతుంది. ఫ్యాన్ ఉన్నదీ, లేనిదీ రెండూ పక్కపక్కనే పెట్టి ఉంచాను. మీకు బాగా తెలిసిన పాట సీడీ ఒకటి వెంట తెచ్చుకోండి.