ఫర్నేస్ తిరుగుతోంది, గాలి మాత్రం చల్లగా వస్తోంది: పోయిన చలికాలం మా తప్పు, ఈ ఏడాది మా మార్పులు

షికాగో దగ్గరి నేపర్‌విల్, అరోరా చుట్టుపక్కల మా చేత ఫర్నేస్ (ఇల్లు వెచ్చబెట్టే యంత్రం) పనులు చేయించుకునే కుటుంబాలన్నిటికీ నమస్కారం.

చలి మొదలయ్యే ముందు మీకు కొన్ని విషయాలు చెప్పాలి. మొదటిది మేం చేసిన తప్పు.

పోయిన జనవరిలో ఒక రాత్రి అరోరా నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. కూతురి పురుడు చూసుకోవడానికి గుంటూరు నుంచి వచ్చారట. అల్లుడు ఊళ్లో లేడు. "బాబూ, గాలి వస్తూనే ఉంది గానీ చల్లగా వస్తోంది. ఇంట్లో ఇరవై రోజుల పసిగుడ్డు ఉంది" అన్నారు. మా దగ్గర పనిచేసే కుర్రాడు గంటలోపే వెళ్లాడు. ఫర్నేస్ వెలుగుతోంది, నాలుగైదు నిమిషాలకు మంట ఆరిపోతోంది, ఫ్యాన్ మాత్రం ఇంకా తిరుగుతోంది. ఫర్నేస్‌ను నడిపే సర్క్యూట్ బోర్డు మీది చిన్న లైటు ప్రెజర్ స్విచ్ (పొగ సరిగ్గా బయటికి పోతోందో లేదో చూసే స్విచ్) కోడ్ చూపిస్తోంది. అతను స్విచ్ మార్చాడు. మళ్లీ ఆగింది. అయితే బోర్డే పోయి ఉంటుందనుకుని బోర్డు కూడా మార్చాడు. అప్పటికి వెలిగింది. బిల్లు 780 డాలర్లు.

రెండో రోజు తెల్లవారకముందే మళ్లీ అదే ఫోన్. ఈసారి నేనే వెళ్లాను. స్విచ్‌లోనూ బోర్డులోనూ అసలు లోపమే లేదు. వాళ్లది 90 శాతం పైన ఎఫిషియెన్సీ ఉన్న ఫర్నేస్, అంటే కాల్చిన గ్యాస్ వేడిలో అంత భాగం ఇంటికే అందించేది. ఇలాంటి వాటిలో పొగలోని ఆవిరి కూడా చల్లబడి నీరవుతుంది, రోజుకు కొన్ని లీటర్లు. ఆ నీరు కింద ఉండే ఒక ప్లాస్టిక్ డబ్బాలోంచి, దాన్నే ట్రాప్ అంటాం, డ్రైన్‌లోకి పోవాలి. ఆ ట్రాప్ జిగురుతో పూడుకుపోయింది. నీరు వెనక్కి తన్నేసరికి పొగ సరిగ్గా బయటికి పోవడం లేదని ప్రెజర్ స్విచ్ గ్యాస్ ఆపేస్తోంది. అంటే స్విచ్ తన పని తాను చేస్తోంది. మొదటి రాత్రి ట్యూబులు ఊడదీసి పెట్టినప్పుడు నిలిచిన నీరు కొంత దిగిపోయింది. కొత్త బోర్డు వల్ల బాగుపడిందని మేం అనుకున్నది అందుకే.

ట్రాప్ విప్పి, వేడినీళ్లతో కడిగి, మళ్లీ నీళ్లు నింపి బిగించాను. నలభై నిమిషాల పని, కొత్త పార్టు ఒక్కటీ అక్కర్లేదు. అంతసేపూ ఆవిడ మనవరాలిని శాలువాలో చుట్టి ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తుంది. డబ్బంతా మర్నాడే వెనక్కి ఇచ్చేశాను.

ఈ తప్పు ఆ కుర్రాడిది కాదు, నాది. ఆ వారం అతనికి రోజుకు తొమ్మిది ఇళ్లు వేశాను. పైగా అతని వ్యాన్‌లో ప్రెజర్ కొలిచే మానోమీటర్ లేదు, ఉన్న ఒక్కటీ నా దగ్గరే. ప్రెజర్ కొలవకుండా ప్రెజర్ స్విచ్ మార్చమని పంపినట్టే అయింది. ఆ మీటరు ఖరీదు మేం అనవసరంగా మార్చిన బోర్డు కంటే తక్కువ. ఇప్పుడు రెండు వ్యాన్లలోనూ ఉంది.

ఆ తర్వాత కూర్చుని పోయిన చలికాలం బిల్లులన్నీ తిరగేశాను. "చల్లగాలి వస్తోంది" అని పిలిచిన ఇళ్లలో చాలావాటికి మేం వెళ్లక్కర్లేదు, ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడితే సరిపోయేది. అందుకే అవేమిటో ఇక్కడే రాస్తున్నాను.

అన్నిటికంటే ఎక్కువసార్లు చూసింది థర్మోస్టాట్‌లో ఫ్యాన్ "ఆన్"లో ఉండటం. అది "ఆటో"లో ఉండాలి. ఆన్‌లో పెడితే మంట లేనప్పుడు కూడా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, ఆ మధ్యలో వచ్చే గాలి చల్లగానే ఉంటుంది. ఇంటికి చుట్టాలొచ్చి ఎవరో నొక్కడం, పిల్లలు నొక్కడం మామూలే. ఇంకో మాట: ఆటోలో ఉన్నా, మంట ఆరాక ఒకటి రెండు నిమిషాలు ఫ్యాన్ తిరుగుతుంది, లోపల మిగిలిన వేడిని గదుల్లోకి తోలడానికి. చివర్లో గాలి కాస్త చల్లబడుతుంది. అది రిపేరు కాదు, టెన్షన్ పడకండి.

రెండోది ఫిల్టర్. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే మన ఇళ్లలో ఇది వేరు. రోజూ పోపు, వారానికోసారి వేపుళ్లు, పొద్దున్నే అగరొత్తులు, దీపం. ఆ నూనె ఆవిరి, పొగ అంతా రిటర్న్ గాలితో (గదుల నుంచి ఫర్నేస్‌లోకి తిరిగి వెళ్లే గాలి) వెళ్లి ఫిల్టర్ మీద పేరుకుంటుంది. మామూలు దుమ్ము పొడిగా ఉంటుంది, ఇది జిడ్డుగా అంటుకుని గాలిని తొందరగా మూసేస్తుంది. డబ్బా మీద 90 రోజులని రాసి ఉన్నా ఒక అంగుళం ఫిల్టర్‌ను మన ఇళ్లలో చలికాలం నెలకోసారి తీసి చూడాల్సిందే. వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. వెలుతురు అవతలికి కనపడకపోతే మార్చండి. కోవిడ్ తర్వాత చాలామంది మెర్వ్ 13 ఫిల్టర్లు (మెర్వ్ అంకె పెరిగేకొద్దీ ఫిల్టర్ చిక్కన) వేస్తున్నారు. ఉద్దేశం మంచిదే, కానీ పాత ఫర్నేస్‌లో ఒక అంగుళం మందంలో అంత చిక్కటి ఫిల్టర్ గాలిని బాగా అడ్డుతుంది. మీ ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే చెప్పండి, నాలుగంగుళాల ఫిల్టర్ పట్టేలా బాక్సు మారుద్దాం. లేకపోతే మెర్వ్ 8 చాలు.

ఫిల్టర్‌కీ చల్లగాలికీ ఏమిటి సంబంధమని అడుగుతారు. గాలి చాలకపోతే మంట వేడిని గాలికి అందించే హీట్ ఎక్స్‌ఛేంజర్ మరీ వేడెక్కుతుంది. వేడి హద్దు దాటితే పనిచేసే లిమిట్ స్విచ్ గ్యాస్ ఆపేసి, లోపల చల్లారడానికి ఫ్యాన్‌ను మాత్రం తిరగనిస్తుంది. మీకు వచ్చేది ఆ గాలే. వాడని గదుల్లో వేడిగాలి వచ్చే వెంట్లు మూసేసినా ఇదే జరుగుతుంది. గ్యాస్ మిగులుతుందని మూస్తారు, మిగిలేది పెద్దగా ఉండదు. ఆ వెంట్లు తెరిచి ఉంచండి.

మూడోది మంచు. మీ ఇంటి గోడలోంచి తెల్లటి పీవీసీ పైపులు బయటికి వచ్చి ఉంటే, మీది పైన చెప్పిన రకం ఫర్నేస్. మంచు పడ్డ రాత్రి గాలికి ఆ పైపుల ముందు కుప్ప పేరుకుంటే ఫర్నేస్‌కు ఊపిరాడదు. డ్రైవ్‌వే శుభ్రం చేసేటప్పుడు పైపుల చుట్టూ కూడా తీసేయండి. బ్లోయర్‌తో మంచును అటువైపు మాత్రం ఎగజిమ్మకండి.

ఇక ఫ్లేమ్ సెన్సర్. మంట వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవడం, మళ్లీ వెలగడం, చివరికి ఊరుకోవడం చూస్తే అనుమానం దీని మీదే. మంటలో ఉండే సన్నటి కడ్డీ అది, మంట ఉందని బోర్డుకు కబురు చెప్పేది. దాని మీద పొర పడితే మంట ఉన్నా లేదనుకుని బోర్డు గ్యాస్ మూసేస్తుంది. దీనికి మామూలుగా కొత్త పార్టు అక్కర్లేదు, సన్నటి స్టీల్ ఊల్‌తో తుడిస్తే చాలు. కరెంటు ఆపి, ఒక స్క్రూ తీసి మీరే చేసుకోగలరంటే చేసుకోండి, చేయి తిరగకపోతే మేం వస్తాం. పక్కనే ఉండే, మంట అంటించే ఇగ్నిటర్‌ను మాత్రం వేళ్లతో ముట్టుకోకండి, ఇట్టే విరుగుతుంది. ఎవరైనా చూడకుండానే "సెన్సర్ మార్చాలి" అంటే ముందు తుడిచారా అని అడగండి. మమ్మల్ని కూడా అడగండి.

ఫర్నేస్ స్విచ్ ఒకసారి ఆపి, అర నిమిషం ఆగి వేసి చూడటంలో తప్పులేదు. మళ్లీ ఆగిపోతే పదేపదే వేయకండి. ఆగడానికి ఏదో కారణం ఉంది. ఫ్యాన్ వైపు తలుపు తీసే ముందు, దాని మీది చిన్న అద్దంలోంచి లైటు ఎన్నిసార్లు మిణుకుతోందో ఫోన్‌లో వీడియో తీసి పంపండి, సగం పని అక్కడే అయిపోతుంది.

ఒక్కోసారి ఫర్నేస్ బాగానే ఉంటుంది. 2019 జనవరి 30న షికాగోలో మైనస్ 23 డిగ్రీల ఫారన్‌హీట్ పడింది, ఇక్కడున్నవాళ్లు మరిచిపోయి ఉండరు. ఆ రోజుల్లో ఆగకుండా నడిచినా ఇల్లు 66 దాటని ఫర్నేసులు చాలా ఉన్నాయి. అంత చలికి లెక్కగట్టి పెట్టినవి కావు అవి. వంటింట్లో వాడే థర్మామీటర్‌తో రిటర్న్ దగ్గర ఒకసారి, ఫర్నేస్‌కు దగ్గరగా ఉన్న వెంట్ దగ్గర ఒకసారి కొలవండి. ఆ తేడా ఎంత ఉండాలో ఫర్నేస్ లోపలి రేకు మీద అచ్చువేసి ఉంటుంది. ఆ హద్దుల్లో ఉంటే వేడి వస్తున్నట్టే.

దయచేసి వినండి: ఫర్నేస్ ఆగిందని గ్యాస్ పొయ్యి, ఒవెన్ వెలిగించి ఇల్లు వెచ్చబెట్టొద్దు. బొగ్గుల కుంపటి ఇంట్లోకి తేవద్దు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన లేదు. ఇలినాయ్‌లో పడకగదికి 15 అడుగుల లోపు దాన్ని పసిగట్టే అలారం ఉండాలని 2007 నుంచి చట్టం ఉంది. అలారం మోగినా, కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా లైటు స్విచ్ కూడా ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చేయండి. బయటికొచ్చాకే 911కు గానీ, గ్యాస్ వాసనైతే మన గ్యాస్ కంపెనీ నైకర్ గ్యాస్ ఎమర్జెన్సీకి గానీ ఫోన్ చేయండి. మాకు తర్వాత చేయొచ్చు.

ఇప్పుడు మా మార్పులు. చల్లగాలి అని ఫోన్ చేస్తే ముందు నేనే వీడియో కాల్‌లో చూస్తాను, దానికి డబ్బు లేదు. వచ్చాక ఫిల్టర్, ఫ్యాన్ సెట్టింగ్ లాంటిదే అని తేలితే విజిట్ చార్జీ తీసుకోం, కాల్‌లో కనిపెట్టలేకపోవడం మా లోపమే కాబట్టి. బోర్డు గానీ స్విచ్ గానీ మార్చేముందు కొలిచిన రీడింగులు బిల్లు మీద రాస్తాం, తీసిన పార్టు మీ చేతికే ఇస్తాం. రోజుకు ఒక మనిషికి ఆరు ఇళ్లకు మించి వేయను. దీనివల్ల బాగా చలి ఉన్న వారం కొందరు మర్నాటిదాకా ఆగాల్సి వస్తుంది. పసిపిల్లలు, పెద్దవాళ్లు, జబ్బు మనుషులు ఉన్న ఇళ్లకు ముందు వెళ్తాం, ఫోన్‌లో ఆ సంగతి తప్పక చెప్పండి. విజిట్ చార్జీ 129 నుంచి 145 డాలర్లు అవుతోంది. ఇళ్లు తగ్గించాను గానీ కుర్రాళ్ల జీతం తగ్గించలేను, అదీ కారణం.

పోయిన చలికాలం కేవలం ఫ్యాన్ బటన్ మార్చి, ఫిల్టర్ వేసి విజిట్ చార్జీ తీసుకున్న ఇళ్లకు ఆ డబ్బు చెక్కుగా పంపుతున్నాను. కవర్లు ఈ శుక్రవారం పోస్టులో వేస్తున్నాం. ఈ మధ్య ఇల్లు మారినవాళ్లు కొత్త అడ్రస్ మెసేజ్ చేయండి.